తూమూ పూడికా: పిత్తనాళపు గొట్టం చరిత్ర

"ఫలానాయనకు స్టెంటు వేసినారట" అనగానే మన పల్లెల్లో వినేవారి చెయ్యి తనకు తెలియకుండానే ఎడమ రొమ్ము మీదికి పోతుంది. స్టెంటు అంటే గుండె, గుండె అంటే స్టెంటు. ఈ రెండు మాటలూ జంటకవుల పేర్లలాగా విడదీయరానివైపోయాయి. జనగామలోనూ, మానుకోట అని ఇప్పటికీ జనం పిలుచుకునే మహబూబాబాదులోనూ, సింగరేణి గనుల భూపాలపల్లిలోనూ నేను విన్నది ఇదే. కానీ చరిత్రను తిరగవేస్తే విషయం వేరుగా ఉన్నది. గుండె రక్తనాళంలో మొట్టమొదటి స్టెంటు పెట్టినది 1986లో, ఫ్రాన్సు దేశపు తులూజ్ నగరంలో. అంతకు ఏడేళ్లు ముందే, 1979లో, జర్మనీలో ఒక వైద్యుడు నోటి గుండా గొట్టం పంపి పిత్తనాళంలో స్టెంటు నిలిపాడు. అంటే పిత్తనాళపు స్టెంటు అన్నగారు, గుండె స్టెంటు తమ్ముడు. తమ్ముడికి పేరు వచ్చింది. అన్నగారిని లోకం మరచింది.

మరచితే మరచింది, నష్టమేమి అంటారా? ఉన్నది. గుండెలో పెట్టిన స్టెంటు జన్మాంతం అక్కడే ఉంటుంది. దాన్ని ఎవరూ తిరిగి తీయరు. పిత్తనాళంలో పెట్టే ప్లాస్టిక్ స్టెంటు అట్లా కాదు. అది గడువున్న అప్పు వంటిది. సుమారు మూడు నెలలకు దాన్ని తీయాలి, లేదా మార్చాలి. ఒకే మాట రెండు వస్తువులకు పేరైనందువల్ల, "స్టెంటు వేసినారు, ఇక నిశ్చింత" అనుకొని గడువు దాటించుకొని, చలిజ్వరంతో, పచ్చని కళ్లతో తిరిగి ఆసుపత్రి మెట్లెక్కేవారు ఉన్నారు. ఈ స్టెంటు తెచ్చే చిక్కుల్లో సగం ఆ గొట్టం స్వభావంలోనే ఉన్నవి. తక్కిన సగం ఆ స్వభావం మనకు తెలియకపోవడంలో ఉన్నవి. అందుకే దాని చరిత్రను కాస్త వివరంగా చెప్పబూనుకున్నాను. నేను వైద్యుణ్ణి కాను, మాటల వెంట నడిచే అలవాటున్నవాణ్ణి. కనుక మాటతోనే మొదలుపెడతాను.

స్టెంటు అన్నది ఒక మనిషి పేరు. చార్లెస్ స్టెంట్ అనే ఆయన పందొమ్మిదో శతాబ్దపు లండను నగరంలో పళ్ల వైద్యుడు. కట్టుడు పళ్లకు అచ్చు తీయడానికి వాడే జిగురు పదార్థాన్ని 1856 ప్రాంతంలో మెరుగుపరచాడు. ఆయన 1885లో చనిపోయాడు. పిమ్మట మొదటి ప్రపంచయుద్ధకాలంలో ఎసర్ అనే డచ్చి వైద్యుడు ముఖాలు ఛిద్రమైన సైనికులకు చర్మం అతికేటప్పుడు, అతికిన చర్మం కదలకుండా ఆ పదార్థంతోనే ఆధారం కట్టాడు. అప్పటినుండి "కదలకుండా, మూసుకుపోకుండా నిలిపి ఉంచేది" అన్న అర్థం ఆ పేరుకు అంటుకున్నది. 1954లో ఇద్దరు అమెరికా వైద్యులు కుక్కల పిత్తనాళాన్ని తిరిగి కుట్టే ప్రయోగంలో లోపల పెట్టిన పాలిథీన్ గొట్టాన్ని వర్ణిస్తూ ఈ మాట వాడారు. శరీరంలోని నాళాల ప్రస్తావనలో ఈ మాట తొలుత అడుగుపెట్టిన చోట్లలో పిత్తనాళం ఒకటి. గుండె దాకా పోవడానికి దానికి ఇంకా మూడు దశాబ్దాలు పట్టింది. పళ్ల వైద్యుని ఇంటిపేరు కాలేయం మీదుగా గుండెకు చేరిన ఈ ప్రయాణం నా వంటి వ్యుత్పత్తి పిచ్చివానికి పండుగ భోజనం.

తెలుగులో దీన్ని ఏమందాం? అంతర్జాలంలో తెలుగు రాసేవారికి కొత్త మాటలు పుట్టించడం సరదా కదా, నేనూ ఒకటి ముందుకు తెస్తున్నాను. తూము. కొలపాత్ర అర్థంలో కాదు, చెరువుకట్ట కింద నీరు పారే దారి అన్న అర్థంలో. మా వరంగల్లు సీమ చెరువుల సీమ. రామప్ప, పాకాల, లక్నవరం, భూపాలపల్లి జిల్లాలోని గణపసముద్రం, అన్నీ కాకతీయులనాటివి. తూము బాగుంటే పొలం పండుతుంది. తూము పూడితే కట్ట వెనుక నీరు నిండి ఉన్నా మడి ఎండుతుంది. పిత్తనాళం విషయం అచ్చంగా ఇదే. కాలేయం చెరువు. అందులో నిత్యం ఊరే పైత్యరసం నాళం గుండా చిన్నప్రేగు మొదటి భాగంలోకి దిగి, తిన్న కొవ్వును కరిగించాలి. దారిలో రాయి అడ్డుపడినా, క్లోమగ్రంథి తలభాగంలో పుట్టిన కంతి బయటినుండి నొక్కినా రసం వెనక్కి తన్ని రక్తంలో కలుస్తుంది. కళ్లు పచ్చబడతాయి, మూత్రం చిక్కబడుతుంది, ఒళ్లంతా దురద పుడుతుంది. మలం మాత్రం తెల్లబడుతుంది. ఆ రంగు వచ్చేదే పైత్యం వల్ల కదా!

ఈ తెల్లబడడాన్ని మన పూర్వులు గమనించారు. చరకసంహిత చికిత్సాస్థానంలో పాండురోగాధ్యాయం ఉన్నది. అందులోనే కామల ప్రస్తావన వస్తుంది. పిత్తం దారిని కఫం అడ్డగించినప్పుడు పుట్టే కామలను వేరుగా గుర్తించి, అట్టి రోగి మలం నువ్వుల పిండి రంగులో ఉంటుందని చరకుడు చెప్పాడు. అడ్డు వల్ల వచ్చే కామెర్లను తక్కిన కామెర్లనుండి విడదీయడానికి నేటి వైద్యుడు కూడా అడిగే మొదటి ప్రశ్నలలో ఇది ఒకటి. మన పల్లెల్లో మాత్రం కామెర్లంటే, అంటే మా వైపు పసిరికలంటే, అన్నిటికీ ఒకటే మందు, పసరు. నేల ఉసిరి దంచి తాగించేవారు కొందరు, మోచేతి మీద చురక పెట్టేవారు కొందరు. కాలేయానికి క్రిమి సోకి వచ్చే కామెర్లు చాలామందిలో కొన్ని వారాలకు తమంతట తామే తగ్గుతాయి. ఆ పుణ్యం పసరు ఖాతాలో పడుతుంది. నాళంలో రాయి అడ్డుపడిన వానికి అదే పసరు పోస్తే రాయి కరగదు, రోజులు మాత్రం కరుగుతాయి. చరకుడు రెండుగా విడదీసినదాన్ని మనం తిరిగి ఒకటిగా కలిపేసుకున్నాం. దీన్ని సంప్రదాయం అనడానికి నాకు మనసొప్పదు.

స్టెంటు రాకమునుపు ఈ అడ్డు తొలగించాలంటే పొట్ట కోయడమొక్కటే దారి. 1882లో బెర్లినులో లాంగెన్‌బుక్ అనే వైద్యుడు పిత్తాశయాన్ని మొట్టమొదటిసారి కోసి తీశాడు. అదే ఏడు అమెరికాలో హాల్‌స్టెడ్ అనే యువ వైద్యుడు తన కన్నతల్లికి ఇంట్లో వంటబల్ల మీద అర్ధరాత్రి శస్త్రచికిత్స చేసి పిత్తాశయంలోని రాళ్లు తీశాడని చెబుతారు. ఆమె బతికింది. తరువాత ఆయన అమెరికా శస్త్రవైద్యానికే ఆచార్యుడయ్యాడు. 1922లో అదే రోగం, పిత్తనాళంలో రాయి, ఆయనకే వచ్చింది. ఆయన శిష్యులే కోశారు. ఆయన కోలుకోలేదు. కథలో అయితే ఇది మరీ కల్పితంగా ఉందని పక్కన పెట్టేవాళ్లం.

ఇంకొక ఉదాహరణ చెప్పి తీరాలి. బ్రిటిషు విదేశాంగమంత్రి ఆంథొనీ ఈడెన్‌కు 1953 ఏప్రిల్‌లో లండనులో పిత్తాశయం తీశారు. ఆ కోతలో పిత్తనాళం దెబ్బతిన్నది. మళ్లీ కోశారు. చివరకు జూన్‌లో అమెరికాకు వెళ్లి బోస్టనులో కాటెల్ అనే నిపుణుని చేత బాగుచేయించుకున్నాడు. బాగుచేసినా ఆ నాళం పూర్వపు నాళం కాలేదు. రసం సరిగా దిగక, సూక్ష్మక్రిములు చేరి, ఉండి ఉండి చలిజ్వరం తగిలేది. 1955లో ఆయన ప్రధాని అయ్యాడు. 1956 జూలైలో ఈజిప్టు నాయకుడు నాసర్ సూయజు కాలువను జాతీయం చేశాడు. ఆ గొడవ ముదురుతుండగా అక్టోబరు 5న ఈడెన్‌కు 106 డిగ్రీల జ్వరం వచ్చింది. ఆ నెలాఖరుకే బ్రిటను, ఫ్రాన్సు, ఇజ్రాయేలు కలిసి ఈజిప్టు మీద పడ్డాయి. నెహ్రూతో సహా లోకమంతా తప్పుపట్టింది. 1957 జనవరిలో అనారోగ్యం కారణంగా చూపి ఈడెన్ రాజీనామా చేశాడు. సూయజు తప్పిదానికి జ్వరమే కారణమని నేను అనను. రాజ్యాలు చేసే పాపాన్ని పిత్తనాళం మీదకు నెట్టడం చరిత్రకారుని పని కాదు. కానీ నాళం సరిగా పారని మనిషి ఎంత నలిగిపోతాడో, ఎంత ఉన్నత వైద్యం అందినా ఎట్లా మళ్లీ మళ్లీ జ్వరపడతాడో తెలియడానికి ఈడెన్ చాలు. ఆయన 1977లో కన్నుమూశాడు. ఆ తరువాత రెండేళ్లకు, కోత లేకుండా నాళంలో గొట్టం నిలిపే విద్య వచ్చింది.

ఆ విద్యకు మూడు మెట్లు. మొదటిది చూపు. 1957లో హిర్షోవిట్జ్ సన్నని గాజుపోగుల కట్టతో వంగే దుర్భిణిని తయారుచేసి జీర్ణాశయంలోకి చూశాడు. రెండవది చేరిక. 1968లో అమెరికాలో మెక్యూన్, ఆయన సహచరులు ఆ దుర్భిణిని చిన్నప్రేగు దాకా దింపి, పిత్తనాళం, క్లోమనాళం కలిసి తెరుచుకునే ముఖద్వారంలోకి సన్నగొట్టం దూర్చి, రంగుద్రవం ఎక్కించి ఎక్స్‌రే తీశారు. జపాను వైద్యులు ఈ పనిని నాలుగేళ్లలోపే నిత్యకృత్యం స్థాయికి తెచ్చారు. ఇదే ఈనాటి ఇ.ఆర్.సి.పి. మూడవది కోత. ఆ ముఖద్వారానికి కాపలాగా ఒక కండరవలయం ఉంటుంది. దాన్ని వర్ణించినది ఓడ్డి అనే ఇటలీ విద్యార్థి, 1887లో, ఇంకా చదువుకుంటున్న రోజుల్లో. 1974లో జర్మనీలో క్లాసెన్, డెమ్లింగ్, అదే కాలంలో జపానులో కవాయి, దుర్భిణి గుండానే విద్యుత్తు తీగతో ఆ వలయాన్ని చీల్చి రాళ్లు బయటికి లాగారు.

ఈ మెట్లమీద నిలబడినవాడు నిబ్ సోహెంద్ర. ఇండోనేషియాలో పుట్టి జర్మనీలోని హాంబుర్గులో స్థిరపడిన వైద్యుడు. 1979లో, కోతకు తట్టుకోలేని క్యాన్సరు రోగికి, రక్తనాళాల పరీక్షకు వాడే గొట్టాన్ని తుంచి నాళంలో నిలిపాడు. 1980లో ఆ సంగతి ప్రచురించాడు. పొట్ట కోయకుండా పచ్చదనం దిగింది, దురద పోయింది. రోగం నయం కాలేదు. కానీ మిగిలిన రోజులు మనిషిలా బతికే వీలు కలిగింది. పాశ్చాత్య దేశాల పెద్ద ఆసుపత్రులన్నీ ఒక్క దశాబ్దంలో ఈ దారి పట్టాయి.

పట్టగానే చిక్కు కనబడింది. గొట్టం పూడిపోతున్నది.

ఎందుకు పూడుతుంది అన్న ప్రశ్నకు జవాబు 1980ల చివర స్పష్టమైంది. ఆ జవాబు నాకు చాలా ఆసక్తికరంగా తోచింది. ఓడ్డి వలయం ఉన్నంతకాలం ప్రేగులోని క్రిములు పైకి ఎక్కలేవు. పైత్యరసం దాదాపు నిర్మలంగా ఉంటుంది. గొట్టం ఆ ద్వారాన్ని తెరిచి పట్టుకుంటుంది. తలుపు తెరిచి ఉంటే రసం కిందికి దిగడమే కాదు, క్రిములు, తిన్న అన్నపు పీచు కూడా పైకి ఎక్కుతాయి. క్రిములు గొట్టం లోపలి గోడకు పాచిలాగా పట్టుకుంటాయి. వాటిలో కొన్నిటి వద్ద ఉన్న ఒక రసాయనం పైత్యవర్ణకాన్ని విడగొడుతుంది. విడివడిన వర్ణకం సున్నంతో కలిసి నీళ్లలో కరగని గోధుమరంగు ముద్ద అవుతుంది. ఒకనాడు గొట్టం నిండుతుంది. చెరువు తూములో మన్ను చేరినట్లే. కాకపోతే ఇక్కడ పూడికను తెచ్చేది వాన కాదు, తెరిచిన తలుపే. అంటే స్టెంటు చేసే ఉపకారమూ, అపకారమూ ఒకే పనినుండి పుడుతున్నాయి. దీన్ని వైద్యుని లోపమనీ రోగి పథ్యం తప్పడమనీ అనుకోవడం సరికాదు. ఈ గొట్టంతో పాటే దాని పూడికా పుట్టింది.

దీన్ని జయించడానికి పెద్ద ప్రయత్నాలే జరిగాయి. గొట్టం లావు పెంచారు. ఈ లావును ఫ్రెంచి కొలతలో చెబుతారు. పారిస్‌లో పనిముట్లు చేసిన షారియేర్ అనే ఆయన పెట్టిన కొలత అది. మూడు ఫ్రెంచిలు ఒక మిల్లీమీటరు. తొలినాటి దుర్భిణుల్లో ఏడు ఫ్రెంచిల గొట్టమే పట్టేది. పెద్ద రంధ్రమున్న దుర్భిణులు వచ్చాక పది ఫ్రెంచిలవి, అంటే మూడు మిల్లీమీటర్లు దాటినవి వాడారు. తేడా చిన్నదనిపిస్తుంది. కానీ గొట్టంలో ప్రవాహం వ్యాసార్ధపు నాలుగవ ఘాతాన్నిబట్టి ఉంటుందని పందొమ్మిదో శతాబ్దంలోనే పాయిజోయ్ అనే ఫ్రెంచి వైద్యుడు తేల్చాడు. ఏడు పది అయితే ప్రవాహం సుమారు నాలుగురెట్లు. ఇది పనిచేసింది, కానీ ఆపలేదు. గొట్టం జారకుండా పక్కలకు రెక్కలు పెట్టారు. పక్కరంధ్రాలు తీసేసి, దేవదారు చెట్టు కొమ్మల్లాగా రెక్కలున్న గొట్టం చేశారు. లోపలి గోడను నున్నగా చేశారు. క్రిమిసంహారక మాత్రలు మింగించారు. పైత్యాన్ని పలుచన చేసే మందు ఇచ్చారు. వేటివల్లా నికరంగా చెప్పుకోదగిన మేలు తేలలేదు.

అప్పుడు లోహం వచ్చింది. తీగలతో అల్లిన జాలిగొట్టం. సన్నగా మడిచి లోపలికి పంపితే తనంతట తానే విప్పుకొని పది మిల్లీమీటర్ల వెడల్పవుతుంది. 1992లో ఆంస్టర్‌డామ్ వైద్యులు 105 మంది రోగుల మీద రెండింటినీ పోల్చి లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. ప్లాస్టిక్ గొట్టం మధ్యస్థంగా 126 రోజులు తెరిచి ఉన్నది. లోహపుది 273 రోజులు. రెట్టింపు కన్నా ఎక్కువే. అయినా శాశ్వతం కాదు. జాలి కన్నాల గుండా కంతి లోపలికి పెరుగుతుంది. కన్నాలు మూస్తూ తొడుగు వేస్తే కంతి దూరదు, కానీ పట్టు తగ్గి గొట్టం జారిపోతుంది. తొడుగు లేని లోహపు గొట్టాన్ని గోడ కమ్ముకున్నాక బయటికి తీయడం దాదాపు అసాధ్యం. కనుక రాళ్లవల్ల, లేదా పిత్తాశయం తీసేటప్పుడు నాళానికి తగిలిన గాయంవల్ల స్టెంటు అవసరమైన వానికి, ఇంకా ఎన్నో ఏళ్లు బతకవలసిన వానికి, ప్లాస్టిక్కునో, తొడుగున్న లోహాన్నో పెట్టి గడువుకు తీయవలసిందే.

పూడిక ఒక్కటే చిక్కు కాదు. స్టెంటు పెట్టిన ఒకటి రెండు రోజుల్లోనే కడుపులో భరించరాని నొప్పి వచ్చి వెన్నులోకి పాకితే క్లోమం వాచినట్లు అనుమానించాలి. ముఖద్వారం రెంటికీ ఒకటే కనుక పొరుగింటి తలుపుకు దెబ్బ తగులుతుందన్నమాట. వాపు వచ్చే ముప్పు ఎక్కువగా ఉన్నవారికి ఆసనద్వారం గుండా ఇచ్చే ఇండోమెథసిన్ మందు వల్ల ఆ ముప్పు సుమారు 17 శాతంనుండి 9 శాతానికి దిగిందని 2012లో ఒక పెద్ద పరీక్షలో తేలింది. వలయాన్ని చీల్చినచోట రక్తం కారి మలం నల్లగా రావచ్చు. అరుదుగా ప్రేగుకు రంధ్రం పడవచ్చు. గొట్టం తన చోటునుండి జారవచ్చు. 1992నాటి ఒక పరిశీలనలో నాళంలోకి పైకెక్కినవి నూటికి సుమారు అయిదు, ప్రేగులోకి దిగినవి ఆరు. దిగినవి చాలావరకు మలంతో పోతాయి. కొన్ని మాత్రం ఎక్కడో గుచ్చుకొని గోడను చిల్లిపొడుస్తాయి.

వీటన్నిటిలో ప్రాణం మీదికి తెచ్చేది మూసుకున్న నాళంలో పెరిగిన చీము. దాని గుర్తులను షార్కో అనే ఫ్రెంచి వైద్యుడు 1877లోనే ముప్పేటగా చెప్పాడు. వణుకుతో జ్వరం, కళ్ల పసుపు, కుడి డొక్కలో నొప్పి. దీనికి 1959లో రెనాల్డ్స్ అనే వైద్యుడు మరి రెండు చేర్చాడు. రక్తపుపోటు పడిపోవడం, మతి తప్పడం. ఆ రెండు కనబడేసరికి ఆలస్యమైనట్లే లెక్క. కామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని మనకు సామెత. ఈ రోగికి లోకం మసకబారుతుంది. ఇటువంటి జ్వరం స్టెంటు ఉన్నవానికి వస్తే మరునాటికి వాయిదా వేయకూడదు. ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

ఇక మన నేలకు వద్దాం. తెలుగునాట ఈ విద్య వేళ్లూనడానికి కారకుల్లో ముందు చెప్పవలసిన పేరు డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డి. కర్నూలు వైద్యకళాశాలలో చదివి, మద్రాసు, చండీగఢ్‌లలో పైచదువులు పూర్తిచేసి, హైదరాబాదులో నిమ్స్‌లో పనిచేసి, 1990ల్లో సోమాజిగూడలో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పాడు. 2002లో పద్మశ్రీ, 2016లో పద్మభూషణ్, 2025లో పద్మవిభూషణ్ ఆయనకు దక్కాయి. క్లోమం పక్కన చేరే నీటితిత్తిని ప్రేగులోకి పారించే ఒక లోహపు స్టెంటుకు ఆయన పేరు మీదనే నాగి అని పేరు. చార్లెస్ స్టెంట్ పేరు లోకమంతా నానార్థాలు సంపాదించుకుంటే, ఆ స్టెంటులకే ఒక తెలుగువాని పేరు తగులుకున్నది. విదేశీ వైద్యులు నేర్చుకోవడానికి హైదరాబాదుకు వచ్చే స్థితి ఏర్పడింది. ఇది నిజంగా గర్వించదగిన సంగతి.

కానీ ఆ హైదరాబాదుకు మా మూడు పట్టణాలు ఎంత దూరం? జనగామ నయం. సికింద్రాబాదు-కాజీపేట రైలుదారి మీద ఉన్నది, తొంభై కిలోమీటర్ల లోపే. మహబూబాబాదు రైలుదారి మీదే ఉన్నా రెండువందల కిలోమీటర్లకు అటూ ఇటూ. భూపాలపల్లికి రైలే లేదు. బస్సులో హనుమకొండకు వచ్చి అక్కడినుండి పోవాలి. పాలకురికి సోమనాథుడూ, బమ్మెర పోతన్నా పుట్టిన ఊళ్లు జనగామ జిల్లాలో ఉన్నాయని మురిసిపోతాం. కానీ చలిజ్వరం వచ్చిన రాత్రి ఆ ఊళ్లనుండి దుర్భిణి ఉన్న ఆసుపత్రికి ఎన్ని గంటల దారో కూడా లెక్కవేసుకోవలసి ఉంటుంది. చాలాకాలం ఈ ప్రాంతమంతటికీ పెద్దదిక్కు వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రి. దానికి అనుబంధమైన కాకతీయ వైద్యకళాశాల 1959లో పుట్టింది. 2005లో 108 బండ్లు వచ్చాయి. 2007లో ఆరోగ్యశ్రీ మొదలై బీదవాని శస్త్రచికిత్సకు దారి తెరిచింది. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితి పది లక్షలయింది. 2016 అక్టోబరు 11న పాత వరంగల్లు జిల్లా విడిపోయి ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలయ్యాయి. మహబూబాబాదులో 2022లో, జనగామలోనూ భూపాలపల్లిలోనూ 2023లో ప్రభుత్వ వైద్యకళాశాలలు మొదలయ్యాయి. నా చిన్నప్పుడు ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే నవ్వేవాళ్లం.

అయితే ఇ.ఆర్.సి.పి. చేయడానికి భవనం చాలదు. వందలకొద్దీ చేసి చేయి తిరిగిన వైద్యుడు, పక్కకు చూసే దుర్భిణి, ఎక్స్‌రే, మత్తు వైద్యుడు, రక్తం, అన్నీ ఒకచోట ఉండాలి. కనుక స్టెంటు పెట్టించుకోవడం నగరంలో, స్టెంటుతో బతకడం పల్లెలో. చిక్కులు పుట్టేది ఈ రెండింటి నడుమ ఉన్న దూరంలోనే.

మానుకోట వైపు హిందీ పండితునిగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మిత్రుడొకాయన ఉన్నాడు. నాళంలో పెద్దరాయి. నగరంలో ఒక ఆసుపత్రిలో దాన్ని ఒక్కసారిగా తీయలేక, తాత్కాలికంగా ప్లాస్టిక్ స్టెంటు పెట్టి పంపారు. నొప్పి పోయింది, కళ్లు తెల్లబడ్డాయి, ఆకలి పుట్టింది. "గుండెకు పడవలసింది కడుపుకు పడ్డది, బతికిపోయినా" అని నవ్వుతూ చెప్పేవాడు. ఏడు నెలలు గడిచాయి. ఒక రాత్రి దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ఊళ్లోని ఆర్.ఎం.పి. మలేరియా అని సూది వేశాడు. మూడోనాడు కళ్లు పచ్చబడితే కొడుకు కారులో ఎక్కించి తీసుకుపోయాడు. లోపల గొట్టం నిండా పూడిక. దాని చుట్టూ కొత్తగా రాయి గూడు కట్టింది. మరచిపోయిన స్టెంటు చుట్టూ ఇట్లా రాయి పేరుకోవడం వైద్యులకు తెలిసిన సంగతే. అదృష్టవశాత్తు రెండు విడతల్లో అన్నీ బయటికి వచ్చాయి, మిత్రుడు దక్కాడు.

ఆయన్ను చూడబోయినప్పుడు మొదటిసారి ఇచ్చిన డిశ్చార్జి కాగితం అడిగి తీసుకొని చదివాను. మూడు నెలలకు స్టెంటు తీయించుకోవాలని అందులో స్పష్టంగానే ఉన్నది. రెండవ పుట అడుగున, ఇంగ్లీషులో, మందుల పట్టిక కింద, సగం పొట్టి అక్షరాల సంకేతాల్లో. ఆయన హిందీలో ప్రేమ్‌చందునూ, తెలుగులో పోతన్ననూ కూర్చోబెట్టి చెప్పగల మనిషి. ఆ పంక్తి ఆయనకోసం రాసినట్లు ఆయనకు తోచలేదు. డాక్టరు నోటితో చెప్పే ఉంటారు. కానీ మత్తు దిగీ దిగని మనిషికి చెప్పిన మాటకు ఆయుష్షెంత?

కొన్ని ఆసుపత్రులు స్టెంటు పెట్టిన వారి పేర్లు విడిగా నమోదు చేసి, గడువు దగ్గరపడగానే ఫోను చేయడం, సందేశం పంపడం చేస్తున్నాయి. లోపల కొన్ని నెలలకు తనంతట తానే కరిగిపోయే స్టెంటులు కూడా వచ్చాయి, ఇంకా అందరికీ అందలేదు. అందేదాకా కావలసింది ఒక తేదీ. పాతకాలంలో చెరువు కింద నీరడి ఉండేవాడు. ఏ తూము ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు పూడిక చూడాలో వానికి నోటిలెక్క. స్టెంటుకు నీరడి ఇంట్లోవాళ్లే. వారికి ఆ కాగితం మీద, మందుల పేర్లకన్నా పైన, పెద్ద తెలుగు అక్షరాల్లో మూడు ముక్కలు రాసి ఇస్తే చాలు. లోపల ప్లాస్టిక్ గొట్టం ఉన్నది. ఫలానా తేదీలోగా తీయించాలి. చలిజ్వరం గాని, పచ్చకళ్లు గాని కనబడితే తేదీ కోసం ఆగకుండా రావాలి.

మిత్రుని కోడలు ఇప్పుడు అదే చేసింది. రెండవసారి వేసిన స్టెంటు తీసే తేదీని వంటింటి గోడమీది క్యాలెండరులో ఎర్రసిరాతో చుట్టి, పక్కన "మామయ్య గొట్టం" అని రాసింది. పోయిన నెలలో దాన్ని తీశారు. గొట్టాన్ని చూపించమని అడిగితే డాక్టరు గాజుగుడ్డ మీద పెట్టి చూపించారట. చిటికెన వేలంత పొడవు, ఒక కొన దగ్గర గోధుమరంగు మడ్డి.